చింతపిక్కలు గడప దాటిన రోజు

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ములకలపల్లి దాటాక అడవి దారంతా తియ్యటి, కాస్త పులిసిన వాసన వేస్తుంది. జీపులో కూర్చున్నవాడికి తెలియకుండానే రెప్పలు వాలతాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నడిపిన ఒకే ఒక్క మంచి వర్క్‌షాప్ ఆ వాసనలోనే జరిగింది. అందుకే కాబోలు, ఇప్పుడు తల్చుకుంటే సగం జరిగినట్టు, సగం కలగన్నట్టు ఉంటుంది. కల కాదనడానికి నా టేబుల్ సొరుగులో ఒక చింతపిక్క మాత్రం ఉంది.

ప్రాజెక్టు ముగియగానే అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, రంగురంగుల చీటీలు పంచి, నేర్చుకున్న పాఠాలు రాయమనడం మీకిప్పుడు మామూలే. మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గ్రూపు ఫొటో. నేనూ అదే పని చేసి బతికినవాణ్నే, వెక్కిరించను. చీటీల మీద ఏమీ రాని ఒక రోజు గురించి మాత్రం చెబుతాను, వినండి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది అప్పటికి. మాది ఒక స్వచ్ఛంద సంస్థ. భద్రాచలం వైపు అడవి గూడేల్లో మలేరియా తగ్గించడం మా ప్రాజెక్టు. మందులో ముంచిన దోమతెరలు ఇంటింటికీ ఇవ్వాలి, ఇంట్లో కట్టించాలి, కట్టారో లేదో చూసి ఫారంలో టిక్కు పెట్టాలి. నేను శిక్షణ అధికారిని. పేరు పెద్దది, పని ఖమ్మం ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫారాలు తయారు చేయడం, నెలకోసారి జీపెక్కి అడవిలోకి పోయి రావడం. నా ఫారాలంటే నాకు మహా మురిపెం. ఏ గడి ఎక్కడుండాలో కలలో కూడా దిద్దుకునేవాణ్ని.

వానాకాలం మొదట్లో తెరలిచ్చాం. దసరా దాటాక పోయి చూస్తే దాదాపు ప్రతి ఇంట్లోనూ తెర కట్టి ఉంది. నా గడులన్నీ టిక్కులతో నిండిపోయాయి. జ్వరాలు మాత్రం అంతకు ముందు ఏడాది ఎలా వచ్చాయో అలాగే వచ్చాయి. వాగు అవతలున్న ఒక గూడెంలో అయితే ఇంకా ఎక్కువ వచ్చాయి.

ఆ గూడెంలో మా తరఫున పనిచేసేది ఒక కోయ అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో. ఏడో తరగతి దాకా చదివింది. జ్వరం వచ్చినవాళ్ల రక్తపు చుక్క గాజుపలక మీద తీసి పంపడం, మాత్రలివ్వడం, తెరల గురించి చెప్పడం ఆమె పని. ఆరోగ్య కార్యకర్త అనేవాళ్లం. ఆ ఏడాది ఆమె మరిదికే జ్వరం తలకెక్కింది. మంచం మీద మోసుకుని వాగు దాటించి భద్రాచలం దవాఖానాకు తెచ్చారు. ప్రాణం దక్కింది, వినికిడి పోయింది. పెళ్లి కుదిరిన పిల్లాడు. ఆ సంబంధం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఫాల్గుణంలో పాఠాల వర్క్‌షాప్ పెట్టమని మా ప్రాజెక్టు అధిపతి చెప్పారు. ఆయన్ను అందరం పెద్దసారు అనేవాళ్లం. గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు, తొందర మనిషి. “మాస్టారూ, వర్క్‌షాప్ అయిన మూడో రోజుకి రిపోర్టు పైకెళ్లాలి. ముందే చిత్తు రాసి పెట్టుకోండి” అన్నారు. రాసిపెట్టుకున్నాను. పాఠాలు నేర్చుకోకముందే పాఠాలు రాసిన ఘనుణ్ని నేను. అందులో వాగవతలి గూడెం దగ్గర, వైఫల్యానికి కారణం అన్న గడిలో, ఆ అమ్మాయి పేరు రాసి, ప్రచారం సరిగా చేయలేదని, ఆమె స్థానంలో వేరొకరిని తీసుకోవాలని టైపు చేయించాను. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకునే జీపెక్కాను.

ములకలపల్లి దాటాక రోడ్డు పక్కన చర్చివాళ్ల హాలొకటి ఉండేది. పైన రేకులు, మూడు వైపులా కిటికీలు, ముందు వరండా, వరండా మెట్లు దిగితే మోదుగ పొదలు. గాలి వచ్చినప్పుడల్లా రేకుల మీద ఎండాకులు జరజరా పాకుతుంటే పైన ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టుండేది. పొద్దున్నే గూడేల నుంచి కార్యకర్తలొచ్చారు, ఫీల్డు సిబ్బంది వచ్చారు, మా నర్సు సూపర్‌వైజరు వచ్చింది. ఆమెది మధిర వైపు, క్యాథలిక్ కుటుంబం. గూడేల్లో అందరికీ సిస్టరమ్మే.

మొదట బిడియం పోవడానికి ఒక ఆట ఆడించాను. రబ్బరు బంతి ఎవరి చేతిలో పడితే వాళ్లు తమకిష్టమైన కూర పేరు చెప్పాలి. అందరూ నవ్వారు. బీరకాయ, గోంగూర, ఎండు చేప అంటూ గంట గడిచింది. ఇక దారి పడింది కదా అని చీటీలు పంచాను. ఆకుపచ్చ చీటీ మీద బాగా జరిగినవి, ఎర్ర చీటీ మీద బాగా జరగనివి రాయమన్నాను. ముందు వరసలో పెద్దసారు మెత్త వేసిన కుర్చీలో కూర్చుని ఎవరేం రాస్తున్నారా అని మెడ తిప్పి చూస్తున్నారు. చీటీలు గోడకు అంటించి చదివితే ఎర్రవాటి మీద అందరూ ఒక్కటే రాశారు, ప్రజల్లో అవగాహన లోపం. రాయడం రానివాళ్లు పక్కవాళ్లతో అదే రాయించుకున్నారు. ఒకాయన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని పెద్దసారు మెచ్చుకున్నారు కూడా.

నాకు సిగ్గేసింది. గోడ నిండా ఎర్ర చీటీలు, లోపల ఒక్క మాట లేదు. ఆ అమ్మాయి వెనక వరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఆమె చీటీ ఖాళీగానే ఉంది. బయట ఇప్పచెట్టు కింద పూలేరుకుంటున్న ఆడవాళ్లను చూస్తోంది.

టీ అయ్యాక సిస్టర్ నా దగ్గరికి వచ్చింది. “మాస్టారూ, చీటీలు తీసేయండి. వీళ్లకి నేల మీద చెప్పడం అలవాటు. ముగ్గు పిండి తెచ్చాను, వంటావిడనడిగి చింతపిక్కలు తెస్తాను” అంది. ఆ రోజు పేరు నాకొచ్చింది కానీ, తెలివి ఆవిడది.

బల్లలు గోడకు జరిపించాం. నేల మీద ముగ్గుతో గూడేలు గీశారు. ఒక్కో ఇల్లు ఒక చిన్న గడి. వాగు, రాళ్లబాట, బోరింగు. ఒక్కో మనిషికి ఒక చింతపిక్క, ఒక్కో దోమతెరకు ఒక తునికాకు. ఎవరి గూడెం వాళ్లు చుట్టూ చేరి చకచకా పెట్టేశారు. గడుల్లో పిక్కలు, పిక్కల మీద ఆకులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అచ్చం నా ఫారంలాగే ఉంది.

అప్పుడు సిస్టర్ అడిగింది. “ఇది ఎండాకాలం ముచ్చట. కార్తీకం నెల అనుకోండి. దీపాలు పెట్టే వేళకి ఎవరెక్కడ ఉంటారో పెట్టండి చూద్దాం.”

మా సిబ్బందీ నేనూ ఎప్పుడూ దీపాలు పెట్టే వేళ దాకా ఏ గూడెంలోనూ ఉన్నవాళ్లం కాదు. నాలుగు కొట్టగానే డ్రైవరు హారన్ మోగించేవాడు.

కిటికీ పక్కనుంచి ఆ అమ్మాయి లేచింది. తన గూడెం దగ్గర కూర్చుని ఒక్కో గడిలోంచి ఆకు పక్కకు జరిపి పిక్కలు తీసి పిడికిట్లో పోసుకుంది. ఒక ఇంట్లో ఒక పిక్క, ఇంకో ఇంట్లో రెండు వదిలేసింది. “గీమె ముసల్ది. గీమె బాలింత, బిడ్డ” అంది. తర్వాత పిడికిలి మూసుకుని నడిచింది. ముగ్గు గీతలు దాటింది, వాగు దాటింది, పెద్దసారు కుర్చీ పక్కనుంచి హాలు గడప దాటింది, వరండా దాటి మెట్లు దిగింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ పిలవలేదు. ఒకరి వెనక ఒకరం చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనకే నడిచాం. ఎండ పడి నేల వెచ్చగా ఉంది. మోదుగ పూలు ఎర్రగా రాలి ఉన్నాయి. ఆమె ఒక్కో పొద దగ్గర ఆగి ఒకటో రెండో పిక్కలు పెడుతూ పోయింది. అందరం నిద్రలో నడుస్తున్నవాళ్లలా ఉన్నాం.

“ఇవన్నీ ఏంటమ్మా?” అన్నారు పెద్దసారు.

“పోడు చేన్లు సారు. గుట్ట మీద జొన్న, మొక్కజొన్న ఉంటయి గద. కంకి పట్టినప్పటి సంది కోత దాక ఇంటిల్లిపాది చేన్లనే పండుకుంటం. లేకపోతే అడవి పందులు ఒక్క పూటల ఊడ్చిపెడతయి. మంచె మీద ఇద్దరు, కింద గుడిసెల మిగిలినోళ్లు.”

“ఎన్నాళ్లు?”

“రెండు నెలలు, ఒక్కోపారి మూడు. గప్పుడే గద సారు జరాలు.”

వెనక్కి తిరిగి చూశాను. తెరిచిన తలుపులోంచి హాలు నేల కనిపిస్తోంది. ముగ్గు గడుల్లో ఆకులు మిగిలాయి. దోమతెరలన్నీ ఖాళీ ఇళ్లకు కాపలా ఉన్నాయి. మేం పగటిపూట పోయి వాటిని లెక్కబెట్టి వచ్చాం.

పెద్దసారుకు కోపం రాలేదు, నిజంగా అర్థం కాలేదు. “మరి తెర కూడా పట్టుకెళ్లొచ్చుగా? బరువేం కాదే.”

ఆమె తలొంచుకుంది. “చేన్లకు తీస్కపోవద్దన్నరు గద సారు.”

“ఎవరన్నారు?”

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. వెంటనే చూపు పొద మీదికి మళ్లించింది. “యాది లేదు సారు” అంది.

యాది లేకపోవడమేంటి, నాకే ఉంది. ఆ ఏడు భాద్రపదంలో మా జీపు వాగు దగ్గర ఆగిపోయింది. నీళ్లు మోకాళ్ల పైదాకా పారుతున్నాయి. నేను ప్యాంటు తడుస్తుందని దిగలేదు. ఆమే రిజిస్టరు పాలిథిన్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుని వాగు దాటి వచ్చింది. సంతకాలయ్యాక అడిగింది, “సారూ, మావోళ్లు చేన్లకు పోతున్నరు. తెరలు మంచెల మీదికి తీస్కపోవచ్చునా అంటున్నరు” అని. “వద్దమ్మా. ముళ్లకు తగిలి చిరుగుతాయి. చిరిగాక వాగులో చేపలకు వేస్తారు. ఇంట్లోనే కట్టి ఉండాలి, మేమొచ్చి చూస్తాం” అన్నాను. “అట్లనే సారు” అని మళ్లీ నీళ్లలో దిగిపోయింది. అంతే. నా ఫారంలో దానికి గడి లేదు కాబట్టి ఎక్కడా రాయలేదు.

మెట్ల దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. భోజనాలు సిద్ధమయ్యాయంటే అందరితో పాటు నేనూ చేతులు కడుక్కున్నాను. పప్పు, వంకాయ కూర. వంకాయ కూర బాగుందని కూడా అన్నాను. మనిషి ఎంత పిరికివాడో అన్నం తినేటప్పుడు తెలుస్తుంది, గొంతులో ముద్ద దిగుతూనే ఉంటుంది.

తిన్నాక వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. అందరికీ కునుకు పట్టే వేళ. ఇప్పపూల వాసన, రేకుల మీద ఆకుల నడక. కళ్లు మూసుకున్నాను కానీ చెవులు మూతపడలేదు. కిటికీ అవతల ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

“నన్ను తీసేస్తరా సిస్టరమ్మా?”

“ఎవరన్నారు బిడ్డా?”

“డ్రైవరన్న అన్నడు, రిపోర్టుల నా పేరొచ్చిందట. తీసేస్తే తీసేయిండ్రి. ఒక్క ముచ్చట నీతోని చెప్పాలె. మా మరిది మంచె మీద తెర కట్టుకున్నడు సిస్టరమ్మా. వాడు ఎవరి మాటా ఇనలే, కట్టుకున్నడు. నేనే పోయి ఇప్పుకొచ్చి ఇంట్ల కట్టిన. సార్లొచ్చి చూస్తరు, లేకపోతే నా పని పోతదని.”

సిస్టర్ అంది, “ఇప్పమని చెప్పిందెవరో నీకు తెలుసు కదా.”

“పెద్దోళ్లు చెప్పిండ్రు. ఎవరైతే ఏంది. ఇప్పిన చెయ్యి నాదే గద.”

ఆ మాట విన్నాక ఆ స్తంభం దగ్గర ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నాకు ఏడుపొచ్చింది. యాభై ఏళ్లు దగ్గర పడుతున్నవాణ్ని, జేబులో నాలుగు రంగుల పెన్నులు పెట్టుకుని ఏడ్చాను. వినికిడి పోయింది ఆ పిల్లాడికి, వినాల్సింది మాత్రం నేను.

మధ్యాహ్నం అందరూ హాల్లోకి వచ్చాక చీటీలు, బంతి ఏవీ బయటికి తీయలేదు. వాగవతలి గూడెం దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి ఇంటి గడిలోంచి ఒక తునికాకు తీసుకుని హాలు దాటి, మెట్లు దిగి, ఒక పొద కింద ఉన్న పిక్క మీద కప్పాను. కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. ఒక్క నిమిషం ఆగి ఆ ఆకు తీసేసి, మళ్లీ మోసుకొచ్చి ఆ గడిలో పెట్టాను.

“ఇలా చేయమని ఆమెకు చెప్పింది నేను” అన్నాను. “వాగు దగ్గర, భాద్రపదంలో. ఆమె ముందే అడిగింది. నేను వద్దన్నాను. ఎక్కడా రాయలేదు. ఇందాక అడిగినప్పుడు కూడా చెప్పలేదు.” తర్వాత సంచిలోంచి చిత్తు కాగితం తీసి, ఆ గడిలో ఏముందో చదివి వినిపించాను.

పెద్దసారు కుర్చీలోంచి లేచి, లాల్చీ సర్దుకుని, ముగ్గు పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ఆయన చేసిన మంచి పని అదే.

డ్రైవరు తలుపు దగ్గర నిలబడే అన్నాడు, “నాకూ ఎర్కనే సార్. ఒకపారి బండి చెడిపోయి పొద్దుగూకే దాక ఆగిన. గూడెంల పిట్ట లేదు. మీకెందుకు చెప్పలేదో నాకే తెల్వదు.” ఫీల్డు కుర్రాడొకడు కిటికీలోంచి చూసే టిక్కులు పెట్టానన్నాడు. ఇంకో గూడెం కార్యకర్త, తమ దగ్గర తెరలు విత్తనాల గాదె మీద కప్పుతారని, అడిగితే తిడతారని చెప్పలేదని అంది. ఒకరి వెనక ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఎవరినీ అడగలేదు. సిస్టర్ ఒక్కో మాటకూ నేల మీద ఒక పిక్క జరుపుతూ పోయింది. ఎండ కిటికీలు మారి, గోడ మీది ఎర్ర చీటీలు ఒక్కొక్కటే ఊడి రాలుతున్నా ఎవరూ తలెత్తి చూడలేదు.

ఆ అమ్మాయి పోయేటప్పుడు నా దగ్గర ఆగి, “మీరు చెప్పకున్నా మీ పేరు నేనైతే చెప్పకపోతుంటి సారు” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. అందరూ పోయాక పొద కింద నేను ఆకు కప్పి తీసిన ఆ పిక్క ఏరి జేబులో వేసుకున్నాను.

రిపోర్టులో ఆమె పేరు కొట్టేసి, కారణం గడిలో నా హోదా రాసి, నేనిచ్చిన ఆదేశం పూర్తిగా రాశాను. పెద్దసారు చదివి, “ఇది పైవాళ్లు చదువుతారండీ, మీకే ఇబ్బంది” అన్నారు. “చదవనివ్వండి” అన్నాను, చాలా ధైర్యవంతుడిలా. ఆ తర్వాత నాకు రావాల్సిన పైపోస్టు నాకంటే చిన్నవాడికి వెళ్లినప్పుడు ఆ ధైర్యం కోసం ఇల్లంతా వెతుక్కున్నానని మా ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆమె ఉద్యోగం మాత్రం నిలిచింది. మరుసటి ఏడు చేలకు తీసుకుపోవడానికి విడిగా తెరలిచ్చాం, ముదురు రంగువి, అంచులకు గట్టి గుడ్డ కుట్టినవి.

ఆ కార్తీకంలో సిస్టర్‌తో కలిసి వాగవతలి గూడేనికి వెళ్లాను. ఈసారి ప్యాంటు తడిసింది. గుట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. కింద ఎక్కడో పర్ణశాల వైపు గోదావరి మీద పొగమంచు మొదలైంది. జొన్న చేల మధ్య మంచె తర్వాత మంచె, ప్రతి మంచె మీదా ఒక తెర గాలికి పొంగి అణుగుతోంది. గుట్టంతా నిద్రకు ముందు ఊపిరి తీసుకుంటున్నట్టుంది. నేను గడులు లెక్కబెట్టలేదు.

ఆమె మంచె మీద కూర్చుని ఉంది. పక్క చేలో కాస్త దూరంగా ఇంకో మంచె, దాని మీద ఆమె మరిది. రెండు మంచెల మధ్య జొన్నల మీదుగా ఒక నులక తాడు. ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస అతని మణికట్టుకు.

“వానికి పందులొచ్చేది ఇనపడదు గద సారు” అంది. “సప్పుడు నేను ఇంట, తాడు గుంజుత. వాడు లేసి డబ్బా కొడతడు. డబ్బా కొట్టుడుల వాణ్ని మించినోడు లేడు.”

సిస్టర్‌కు నీళ్లు కావాలంటే ఆమె కుండ తేవడానికి మంచె దిగబోతూ తాడు నా చేతికిచ్చింది. “జర పట్టుకోండ్రి సారు. సప్పుడైతే గుంజుండ్రి.”

మంచె ఎక్కి కూర్చున్నాను. తాడు నా వేళ్లకు చుట్టుకున్నాను. అవతలి మంచె మీద ఆ పిల్లాడు నా వైపు ఒకసారి చూసి, నమ్మకంగా అటు తిరిగి వాలాడు. వెలుతురు పోతోంది. నా బతుకులో అంత శ్రద్ధగా నేనెన్నడూ వినలేదు. జొన్నాకుల రాపిడి, దూరంగా వాగు, ఎవరో దగ్గడం, నా గుండె చప్పుడు. అప్పుడు చేను అంచున, చాలా మెల్లగా, ఏదో విరిగింది.

నేను తాడు లాగాను. అతను లేచి డబ్బా కొట్టాడు.